మెలికల కాడల పట్టకారు

పట్టకారు మంచిదో కాదో అది ఖాళీగా ఉన్నప్పుడు తెలియదు. దాని నోట్లో కాలిన ఇనుము ఉండాలి, ఆ ఇనుము మీద సుత్తి దెబ్బ పడాలి. అప్పుడు కదలకుండా పట్టుకుంటేనే అది పట్టకారు. ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఈలోగా నేనెంతో ఇష్టపడి చేసిన ఒక పట్టకారు నోట్లోంచి ఎర్రటి ముక్క ఎగిరి మా విద్యార్థి పాదం పక్కన పడింది. బూటు అంచు కాలింది. కాలికి ఏమీ కాలేదు. ఇంకో నాలుగు వేళ్ళు ఇటు పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు. ఆ పట్టకారు ఎలా తయారైందో, ఎక్కడెక్కడ తప్పానో రాసి పెడితే కొలిమి దగ్గర కొత్తగా నిలబడేవాళ్ళకి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు చెబుతాను. మొదటి ఏడాది పిల్లలకి ఫిట్టింగు, కార్పెంటరీ, షీట్ మెటల్‌తోపాటు స్మితీ కూడా ఉంటుంది. గుండ్రటి చువ్వని కొట్టి పలకల చువ్వ చెయ్యడం, ఎస్ హుక్ వంచడం. చాలామందికి కొలిమితో పరిచయం అంతవరకే. రికార్డులో బొమ్మ వేసి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతారు. ఆ కాసేపట్లో వాళ్ళు ఎక్కువ అవస్థ పడేది పట్టకారుతోనే. స్టోర్సులో ఉన్నవాటిలో ఏ నోరూ ఏ చువ్వకీ సరిపడదు. ఒకడు రెండు చేతులతో కాడలు నొక్కి పట్టుకుంటే, దెబ్బ కొట్టడానికి ఇంకొకడు రావాలి. కొన్నవాటితో ఈ తంటా ఎందుకు, మనమే చేసుకుంటే పోలేదా అనిపించింది. అంతవరకు ఆలోచన మంచిదే.

దానికి అందం కూడా కావాలనుకున్నాను. మా అమ్మమ్మగారి ఊళ్ళో పాత లోగిళ్ళ కిటికీలకి పలకల చువ్వల్ని మెలితిప్పి బిగించేవారు. పొద్దుటి ఎండ ఆ అంచుల మీద పడినప్పుడు ఒక్కో చువ్వ పొడుగునా వెలుగూ నీడా చుట్టుకుంటూ దిగేవి. కమ్మరం పనిలో సొగసు అంటే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అవే. పట్టకారు కాడల్నీ అలా మెలితిప్పి ఎగ్జిబిషన్ రోజున బల్ల మీద పెడితే, స్మితీ అంటే ఎస్ హుక్ ఒక్కటే కాదని పిల్లలకి తెలుస్తుందనుకున్నాను. పని మొదలుపెట్టకముందే కాగితం మీద కాడల బొమ్మ గీశాను. ఎన్ని మెలికలు, ఎంత ఎడం, చివర ఎలా ముగించాలి, అన్నీ గీశాను. నోటి బొమ్మ మాత్రం గీయలేదు. తర్వాత జరిగిన వాటన్నిటికీ మొదలు అక్కడే ఉంది.

ఉక్కు ఎంపికలోనూ పొరబడ్డాను. గట్టి పనిముట్టుకి గట్టి ఉక్కు కావాలనుకుని లారీ కమాన్ పట్టీ ముక్క తెచ్చాను. మన పల్లెల్లో కత్తులకీ కొడవళ్ళకీ వాడేది అదే. అందులో కర్బనం నూటికి అర పాలు, ఆ పైన ఉంటుంది కాబట్టి అంచున పదును నిలుస్తుంది. పట్టకారుకి ఆ గుణమే చేటు. దాని నోరు పనిచేసినంతసేపూ నిప్పు దగ్గరే ఉంటుంది, వేడెక్కగానే నీళ్ళ తొట్టిలో ముంచుతాం. కమాన్ ఉక్కుని ఎర్రగా ఉన్నప్పుడు నీళ్ళలో పెడితే పెళుసెక్కిపోతుంది. నేను చేసిన దవడ తొట్టిలోనే టక్కున బీటవారింది. దీనికి కావలసింది బజార్లో దొరికే మామూలు ఎమ్మెస్ చువ్వ. కర్బనం నూటికి పావు పాలుకి మించదు. ఎన్నిసార్లు కాల్చి ముంచినా విరిగే పెళుసుదనం రాదు. వంకర పోతే మళ్ళీ కాల్చి సరిచేసుకోవచ్చు.

యూదుల పాత గ్రంథం పిర్కే ఆవోత్‌లో ఒక చిన్న జాబితా ఉంది. సృష్టి ముగిసి విశ్రాంతి దినం మొదలయ్యే ముందు, ఆ సంధ్యవేళలో దేవుడు ప్రత్యేకంగా చేసి పెట్టిన వస్తువులవి. కొందరు ఆ జాబితాలో పట్టకారుని కూడా చేర్చారట. పట్టకారు చెయ్యాలంటే చేతిలో ఇంకో పట్టకారు ఉండాలి కదా, మరి మొట్టమొదటిది ఎవరు చేశారు అన్నది వాళ్ళ ప్రశ్న. ఇనుము కాల్చిన ప్రతివాడికీ ఈ ప్రశ్న ఎక్కడో అక్కడ తగులుతుంది. కొలిమి దగ్గర దీనికి జవాబు చాలా సులువు. చువ్వని ముందే కొయ్యకూడదు. మీటరు పొడుగు చువ్వ తీసుకుంటే ఒక కొస నిప్పులో ఎర్రబడుతున్నా రెండో కొస చేతికి చల్లగానే ఉంటుంది. ఒక సగం పని ఆ కొస మీద పూర్తిచేసి, అప్పుడు ఉలితో తెగ్గొట్టి, రెండో సగం మొదలుపెట్టాలి.

ఇక అసలు పని. 16 మిల్లీమీటర్ల పలకల చువ్వ. పట్టకారు సగానికి మూడు భాగాలు ఉంటాయి: పట్టుకునే దవడ, రివెట్ దిగే బుగ్గ, చెయ్యి పట్టే కాడ. ఒకదాన్నించి ఇంకొకటి విడిపోవాలంటే మధ్యలో మెట్టు దిగాలి. ఆ మెట్లు దాగలి అంచు మీద పడతాయి. చువ్వ కొసని దాగలి ఇవతలి అంచు మీద పెట్టి, సుత్తి ముఖం సగం దాగలి మీద, సగం గాల్లో ఉండేలా కొడితే దవడ పలచబడి మెట్టు పడుతుంది. తర్వాత చువ్వని పావు చుట్టు తిప్పి, దవడని అవతలి అంచు దాటించి, కొంచెం ఏటవాలుగా పెట్టి కొడితే బుగ్గ తయారవుతుంది. మళ్ళీ అదే వైపుకి పావు చుట్టు తిప్పి కొడితే కాడ విడిపోతుంది. మిగిలింది కాడని సాగగొట్టడం. అందులో విద్య కన్నా ఓపిక ఎక్కువ.

ఆ 'అదే వైపుకి' అన్న మాట దగ్గర నేను తప్పాను. మొదటి సగాన్ని ఎడమకి తిప్పుతూ చేశాను. రెండోది దానికి ఎదుటిది కాబట్టి కుడికి తిప్పాలనుకున్నాను. కుడిచేతికి ఎడమచెయ్యి ఎలాగో, ఒక సగానికి రెండో సగం అలా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. రెండూ చల్లారాక బుగ్గకి బుగ్గ ఆనించి చూస్తే దవడలు రెండూ ఒకే పక్కకి వచ్చి నిలబడ్డాయి. ఎటు తిప్పినా ఎదురెదురు పడవు. పట్టకారులో సగాలు రెండూ అచ్చంగా ఒకటే. ఒకదాన్ని బోర్లా తిప్పి రెండోదాని మీద పెడితే అవే ఎదురెదురు అవుతాయి. ఏళ్ళ తరబడి పట్టకార్లు చేత్తో పట్టుకున్నవాణ్ణి, ఒక్కదాన్నైనా రివెట్ ఊడదీసి సగాలు పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఇప్పుడు పిల్లల చేత ముందు చేయించేది అదే. పాత పట్టకారు రివెట్ కోసి, సగాలు బల్ల మీద పెట్టి, ఒకదాన్ని తిప్పి చూడమంటాను. మైనంతో చిన్న నమూనా చేసినా చాలు, బొగ్గు దండగ కాకుండా విషయం తెలిసిపోతుంది.

మళ్ళీ చేశాను. ఈసారి సగాలు కుదిరాయి. కాడలు పది మిల్లీమీటర్ల పలకలుగా సాగగొట్టాను. నేను ఎదురుచూస్తున్న మెలిక వంతు వచ్చింది.

మెలిక తిప్పడం చూడడానికి చిటికెలో పని. కాల్చిన చువ్వ ఒక కొసని వైస్‌లో బిగించి, రెండో కొసని రెండు పిడుల రెంచితో పట్టుకుని తిప్పడమే. కష్టమంతా కాల్చడంలో ఉంది. ఇనుము ఎక్కడ ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ ఎక్కువ తిరుగుతుంది. నా మొదటి కాడలో బుగ్గ దగ్గర ఒక్క మెలికా సరిగ్గా పడలేదు, మధ్యలో మాత్రం వత్తుగా ముడిపడింది. బుగ్గ మందంగా ఉండి పక్కనున్న వేడిని లాగేసుకుంది, మధ్య భాగం నిప్పుల నడుమ పసుపు రంగుకి వచ్చింది. కాడని ముందుకీ వెనక్కీ జరుపుతూ, మెలిక పడాల్సిన పొడుగంతా ఒకే నారింజ రంగు వచ్చేదాకా ఓపిక పట్టాలి. గాలి తగ్గించి నిదానంగా కాల్చాలి. బయటికి తీశాక పెచ్చులు వైరు బ్రష్‌తో ఒక్కసారి గట్టిగా దులపాలి. దులపకపోతే ఆ నల్ల పెచ్చులు మెలికల సందుల్లోకి వెళ్ళి కూచుంటాయి, తర్వాత ఏ ఆకురాయీ అక్కడిదాకా పోదు.

తిప్పుతుంటే కళ్ళముందే జరిగేది చెప్పాలి. మొదటి పావు చుట్టులో ఏమీ కనపడదు, చేతికి మాత్రం మెత్తగా తెలుస్తుంది. అర చుట్టు దాటేసరికి నాలుగు అంచులూ ఒక్కసారి ఒరిగి చుట్టుకోవడం మొదలుపెడతాయి. అంచులు పలచన కాబట్టి ముందు చల్లారి ముదురు ఎరుపుకి దిగుతాయి, పలకల నడిమి భాగం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. చువ్వ పొడుగునా నలుపూ నారింజా చారలు చుట్టలు తిరుగుతాయి. ఒకచోట మెలిక ముందుగా బిగుస్తోందని కనిపిస్తే గొట్టం ఉన్న చిన్న డబ్బాతో అక్కడ నాలుగు చుక్కల నీళ్ళు పొయ్యాలి. ఆ చోటు గట్టిపడి ఆగుతుంది, వెనకబడ్డ చోటు అందుకుంటుంది. రంగు మసకబారాక ఆశపడి ఇంకో చుట్టు తిప్పకూడదు. 200 నుంచి 300 డిగ్రీల మధ్య, నీలిరంగు తేలే వేడిలో, మెత్తటి ఇనుము కూడా పెళుసుగా మారుతుంది. వంకర తీయడానికి కూడా మళ్ళీ కాల్చి, మొద్దు మీద పెట్టి, కొయ్య సుత్తితో తట్టాలి. ఇనప సుత్తి తగిలితే అప్పటిదాకా పడ్డ అంచులు నలిగిపోతాయి.

ఇక్కడ ఇంకో విశేషం ఉంది. సగాలు రెండూ ఒకటే అని ఇందాక చెప్పాను. ఆ పాఠం తలకెక్కించుకుని రెండు కాడల్నీ ఒకే వైపుకి మెలితిప్పాను. బిగించి చూస్తే మెలికలు రెండూ ఒకే పక్కకి ఒరిగి ఉన్నాయి, కళ్ళకి కాడలు జతగా ఆనలేదు. కుడి మెలికని బోర్లా తిప్పినా అది కుడి మెలికే, మరల చుట్టు కూడా అంతే. కాడలు ఎదురెదురుగా, అద్దంలో చూసుకున్నట్టు కనపడాలంటే ఒకదాన్ని కుడికీ ఒకదాన్ని ఎడమకీ తిప్పాల్సిందే. అంటే దవడా బుగ్గా అచ్చంగా ఒకేలా ఉండాలి, మెలిక మాత్రం ఒకదానికొకటి ఎదురు తిరగాలి. ఒకే వస్తువులో ఈ రెండు లెక్కలూ కలిసి ఉండడం నాకు చాలా ఇష్టమైన విషయం. పిల్లలకి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఉత్సాహం వస్తుంది.

మెలిక గురించి నాకు ఒక నమ్మకం కూడా ఉండేది. మెలితిప్పితే ఇనుము బలపడుతుందని. ఈ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. టీఎంటీ రాకముందు మన ఇళ్ళ స్లాబులకి టార్ స్టీలు వాడేవాళ్ళు, ఆ చువ్వల్ని మెలితిప్పే తయారుచేసేవారు. అంతకు చాలా ముందే, 1884లో, అమెరికాలో ఎర్నెస్ట్ రాన్సమ్ మెలితిప్పిన పలకల చువ్వకి పేటెంటు తీసుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో 1889లో ఆయన కట్టిన ఆల్వర్డ్ లేక్ వంతెన లోపల ఉన్నవి అలాంటి చువ్వలే. తరగతిలో ఇదంతా నేనే చెప్పేవాణ్ణి. అయితే ఆ చువ్వలన్నీ చల్లగా ఉండగా మెలితిప్పినవి. చల్లటి ఇనుములో లోపలి స్ఫటికాలు నలిగి, ఒకదానికొకటి అడ్డుపడి, ఇంకా వంచాలంటే ఎక్కువ బలం అడుగుతాయి. కొలిమి వేడిలో తిప్పితే నలిగిన స్ఫటికాలు అప్పటికప్పుడే కొత్తగా అమరిపోతాయి. చల్లారాక ఇనుము ముందెంత మెత్తనో అంతే మెత్తన. పైగా మెలిక మొదలయ్యే చోట మూల పదునుగా ఉంటే పగులు పుట్టేది అక్కడే. కాడలు మెలితిప్పాను కాబట్టి ఇంకాస్త సన్నగా ఉన్నా ఆగుతాయనుకుని పలచగా సాగగొట్టాను. గట్టిగా నొక్కితే కాడలు వంగడం మొదలుపెట్టాయి. సిద్ధాంతం నాకు తెలుసు. ఎక్కడ వర్తిస్తుందో ఆగి చూసుకోలేదు.

అయినా జత పూర్తయింది. రివెట్ బిగించాను. దవడల్ని మూస్తే రెండూ సందు లేకుండా అతుక్కున్నాయి, వెలుతురు కూడా దూరదు. కాడలు కొస నుంచి బుగ్గ దాకా మెలికలే మెలికలు. ఆవనూనె రాసి వేడి మీద నల్లగా చేశాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఎగ్జిబిషన్ అయిపోయాక పిల్లలకి వాడమని ఇచ్చాను.

ఆ రోజు 12 మిల్లీమీటర్ల చువ్వముక్కని పట్టుకున్న అబ్బాయి జాగ్రత్త గలవాడు. అంచులు అరచేతిని కోస్తున్నాయని మందపాటి గ్లౌజు వేసుకున్నాడు. గ్లౌజు వేసుకుంటే పట్టు ఎంత బిగిసిందో చేతికి తెలియదు. ఇంకొకడు సుత్తి వేశాడు. రెండో దెబ్బకో మూడో దెబ్బకో ముక్క నోట్లో గిర్రున తిరిగి ఎగిరింది. ఆ తర్వాత కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అబ్బాయి "నేనే సరిగ్గా పట్టుకోలేదు సార్" అన్నాడు. తప్పు నా పనిలో ఉంటే ఆ మాట అతని నోట వచ్చింది. నాకు చాలా బాధేసింది. తప్పు పట్టకారుదని, అది చేసింది నేనని తరగతి మొత్తానికి ఆ పూటే చెప్పాను. ఎక్కడ తప్పిందని పిల్లలు అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

జవాబు చెప్పింది మా పక్క ఊళ్ళో కొలిమి నడిపే ఒక పెద్దాయన, ఆచారిగారు. కర్రులు సాగగొట్టించుకోవడానికి, గునపాలకి మొన పెట్టించుకోవడానికి రైతులు ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తారు. గోడకి కొట్టిన కమ్మీకి పట్టకార్లు వేలాడుతుంటాయి. ఏ ఒక్కదాని నోరూ ఇంకోదానిలా ఉండదు. పలకలకి ఒకటి, గుండ్రాలకి ఒకటి, కర్రుకి ఒకటి, గొడ్డలికి ఒకటి. కాడలు అరచేతుల రాపిడికి నున్నబడి మెరుస్తుంటాయి. అన్నీ సాదావే.

ఆచారిగారు నా పట్టకారు చేతిలోకి తీసుకుని కాడల వైపు చూడనేలేదు. కింద పడి ఉన్న చువ్వముక్క ఒకటి ఏరి, దాని నోట్లో పెట్టి, వాకిలి వైపు తిరిగి ఎత్తి పట్టుకున్నారు.

"ఇటు రండి మాస్టారూ, వెలుతురు చూడండి" అన్నారు.

చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు వెలుతురు దూరని దవడల మధ్య, చువ్వ పెట్టాక, కోసుగా సందు తెరుచుకుంది. దవడలు రివెట్ చుట్టూ తిరుగుతాయి. మూసినప్పుడు సమంగా అతుక్కున్నవి, తెరిస్తే కొసలు దూరం జరిగి, లోపలి వైపు మాత్రమే చువ్వని తాకుతాయి. దవడ పొడుగులో చువ్వని పట్టింది ఒక గీత మందం.

"మీది చువ్వని పట్టుకోలేదండీ, కొరికింది. కొరికితే తిరగదా మరి?"

తర్వాత బొటనవేలితో కాడ అంచుని రాసి చూశారు. "చెయ్యి పట్టే చోట ఈ అంచులెందుకు పెట్టారు?"

అందానికి పెట్టానని చెప్పాను.

"అందం వద్దని నేనంటానా? మా నాయన బండి సీలకి కూడా పువ్వు చెక్కేవాడు. సీల పని చెడకుండా చెక్కేవాడు. చెయ్యి పెట్టే చోటు చేతికి వదిలెయ్యండి, నడుమ మీ ఇష్టం."

ఆయన అక్కడే దాన్ని బాగుచేశారు. నోటిని ఎర్రగా కాల్చి, మధ్యలో 12 మిల్లీమీటర్ల చల్లటి ముక్క పెట్టి, కాడలు దగ్గరికి నొక్కి పట్టుకోమని నాకిచ్చి, దవడల్ని ఆ ముక్క చుట్టూ తట్టారు. తిప్పి మళ్ళీ తట్టారు. చల్లారాక దవడ పొడుగునా చువ్వ ఆనింది. ఖాళీగా మూసి చూస్తే ఇప్పుడు దవడలు సమంగా లేవు, కొసలు ముందు కలుసుకుని వెనక సందు మిగులుతోంది. నేను చేసినప్పుడు ఇలా వచ్చి ఉంటే లోపమనుకుని సరిచేసేవాణ్ణి. కాడల ఎడం కూడా ఆయనే సరిచేశారు. చువ్వ నోట్లో ఉన్నప్పుడు కాడల మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలట. అంతకన్నా ఎడంగా ఉంటే చెయ్యి అలిసిపోతుంది, దగ్గరైతే కాడలు ఒకదానికొకటి తగిలి నోరు బిగుసుకోదు. వచ్చేటప్పుడు "పిల్లకాయలు పట్టేది కదా, ఇంకా తేలిగ్గా చెయ్యండి" అన్నారు. బరువు గురించి అప్పటిదాకా నాకు ఆలోచనే రాలేదు.

ఇప్పుడు పట్టకారు చేసే వరస మారిపోయింది. ముందు ఏ చువ్వ కోసం అన్నది నిర్ణయించి, ఆ చువ్వముక్క పక్కన పెట్టుకుని మొదలుపెడతాం. దవడలో పొడుగునా చిన్న గాడి పెడతాం, గుండ్రటి చువ్వయినా పలకలదైనా అందులో కూచుంటుంది. బుగ్గకి రంధ్రం వేడి మీద పంచితోనే గుద్దుతాం. ఒక వైపు నుంచి దాగలి గట్టిదనం చేతికి తెలిసేదాకా దించి, తిప్పి, రెండో వైపు కనిపించే నల్లటి మచ్చ మీద పెట్టి కొడితే బిళ్ళ ఊడి పడుతుంది. డ్రిల్లు వేస్తే ఆ మేరకి ఇనుము పొట్టుగా పోతుంది, పంచి గుద్దితే చాలావరకు పక్కలకి జరిగి బుగ్గలోనే మిగులుతుంది. రివెట్ పసుపు రంగులో ఉండగా తల కొడతాం. కొట్టాక బిగుసుకుపోతుంది, అది మామూలే. నోటినీ బుగ్గనీ మళ్ళీ ఎర్రగా కాల్చి, తెరుస్తూ మూస్తూ నీళ్ళలో ముంచితే కీలు వదులవుతుంది.

మెలిక ఇప్పుడు కాడ మధ్యలో ఉంటుంది. బుగ్గ నుంచి నాలుగు వేళ్ళ మేర పలకలుగానే వదిలేస్తాం. అక్కడ బలం కావాలి, మెట్టు మూల కూడా గుండ్రంగా ఉండాలి. ఆ తర్వాత జానెడు కన్నా తక్కువ మేర మెలిక, రెండు చుట్లు చాలు. మిగతా కాడ అంతా గుండ్రంగా, కొసకి సన్నబడుతూ సాగగొడతాం. ఆ సన్నదనం వల్ల కాడకి కొంచెం స్ప్రింగు వస్తుంది, పట్టు బిగిసినట్టు అరచేతికి తెలుస్తుంది. గ్లౌజు లేకుండా పట్టుకోవచ్చు. కాడంతా మెలికలు ఉన్నప్పటి కన్నా ఇలా సాదా భాగాల మధ్య కొంచెం ఉన్నప్పుడే మెలిక ఎక్కువ కనబడుతోందని నా అభిప్రాయం. మా సహోద్యోగి ఒకాయన ఒప్పుకోరు, పాతదే బాగుండేదంటారు. ఆ పాతదాన్ని ఆచారిగారు బాగుచేసిన నోటితోనే ఉంచాను, మెలికల్ని మాత్రం చెయ్యి పట్టే మేర ఆకురాయితో అరగదీశాను.

కొత్తగా చేసిన ప్రతి జతకీ పిల్లలు ఒక పరీక్ష పెడతారు. చల్లటి చువ్వని నోట్లో బిగించి, ఒక చేత్తో కాడలు పట్టుకుని, చువ్వ కొస మీద పక్కనుంచి సుత్తితో కొడతారు. చువ్వ తిరిగితే జత మళ్ళీ నిప్పులోకి వెళ్తుంది. నిలబడితే, అప్పుడు రివెట్ పెట్టని ఇంకో జత మీద మెలిక తిప్పడానికి అనుమతి. మెలిక కోసం నోరు బాగుచేసుకునే పిల్లలు ఉన్నారు, అది చూస్తే సంతోషంగా ఉంటుంది. నాది మొదటి నుంచీ మెలిక మోజే కాబట్టి వాళ్ళని ఆ మోజు మానుకోమని నేను చెప్పను.

ఈ ఏడాది పలకల నడుమ ఉలితో గాడి కొట్టి ఆ తర్వాత మెలితిప్పుతున్నాం. నాలుగు అంచుల మెలిక ఎనిమిది అంచులదై చాలా నాజూగ్గా వస్తోంది. గాడి లోతు దగ్గరే ఇంకా కుదరలేదు. తక్కువైతే తిప్పాక పూడుకుపోతుంది, ఎక్కువైతే గాడి అడుగున చీలిక వస్తోంది. పది మిల్లీమీటర్ల కాడకి ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతు, మొద్దుబారిన ఉలి, ఇప్పటికి ఇవి కాస్త మెరుగ్గా ఉన్నాయి. వచ్చే సెమిస్టర్‌లో 12 మిల్లీమీటర్ల మీద చేసి చూడాలి.